సలహా అడగొచ్చినోళ్ళకి నిజం చెబుదాం

(దళిత కార్యకర్తల శిక్షణా తరగతిలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ తరగతుల్లో మీకు చట్టం గురించి చెప్పారు, ఉద్యమ చరిత్ర గురించి చెప్పారు. నాకిచ్చిన విషయం చిన్నది. మనకి మొహం తెలియని మనిషి, మన వూరు కాని మనిషి, మన సంఘంలో సభ్యుడు కూడా కాని మనిషి, ఎవరో చెబితే విని బస్సెక్కి మన దగ్గరికి వస్తాడు. "అన్నా, మాకిట్లా జరిగింది. ఏం చెయ్యమంటారు?" అని అడుగుతాడు. ఆ మనిషికి మనం ఏం చెప్పాలి, ఎట్లా చెప్పాలి? ఇదీ విషయం. చిన్నది అని ఎందుకన్నానంటే మనలో చాలామంది దాన్ని చిన్నగానే చూస్తారు కనక. కానీ జనానికి మన మీద నమ్మకం పుట్టేదీ అక్కడే, పోయేదీ అక్కడే. మీటింగులో మనం గొంతు చించుకుని చెప్పిన మాట నెల తిరిగేసరికి మర్చిపోతారు. కష్టంలో వున్నప్పుడు చెప్పిన మాట మాత్రం బతికినన్నాళ్ళూ గుర్తుంచుకుంటారు. అది తప్పుడు సలహా అయితే పిల్లలకి కూడా చెప్పి పోతారు.

మన దగ్గరికి అట్లా వచ్చిన మనిషికి సాధారణంగా మూడు రకాల మాటలు దొరుకుతాయి. మొదటిది ధైర్యం మాట. "నువ్వేం భయపడమాక, అట్రాసిటీ కేసు పెడదాం, రేపొద్దునకల్లా లోపల వుంటాడు" అంటారు. రెండోది పిరికి మాట. "ఎందుకు లేబ్బా, వాళ్ళతో పెట్టుకుని వూళ్ళో బతగ్గలవా, సర్దుకుపో" అంటారు. మూడోది పైరవీ మాట. "నష్టపరిహారం వస్తుంది, ఇప్పిస్తా, నా సంగతి చూసుకో" అంటారు. ఈ మూడింట్లో ఏదీ సలహా కాదు. మొదటివాడు తన ఆవేశం చూసుకున్నాడు. రెండోవాడు తన భయం చూసుకున్నాడు. మూడోవాడు తన జేబు చూసుకున్నాడు. వచ్చినోడి సంగతి ఎవరూ చూడలా.

మనకి ఇంకో రోగం కూడా వుంది. మనం మంచోళ్ళమే, డబ్బు తీసుకోం. కానీ కేసు దొరికితే ధర్నా దొరుకుతుంది, పేపర్లో ఫోటో పడుతుంది, సంఘం పేరు పెరుగుతుంది అని లోపల్లోపల వుంటుంది. తప్పని అనను, ఉద్యమానికి పోరాటాలు కావాలి. కానీ ధర్నా అయిపోయాక మనం బస్సెక్కి మన వూరు పోతాం. ఆ మనిషి చీకటి పడ్డాక ఆ వీధిలోంచే నడిచి పోవాలి. తెల్లారి ఆ మోతుబరి పొలంలోకే కూలికి పోవాలి. మన సలహాకి ఖరీదు కట్టేది ఆ మనిషి ఒళ్ళూ, కూలీ, ఇల్లూ. అందుకనే నిజం చెప్పాలి. తియ్యగా వున్నా చేదుగా వున్నా మొత్తం చెప్పాలి.

దీనికి మన బాబాసాహెబ్ కన్నా పెద్ద వుదాహరణ నాకు తెలియదు. 1927 మార్చిలో మహద్‌లో చవదార్ చెరువు నీళ్ళు తాగినందుకు మనవాళ్ళని కొట్టారు. ఆ డిసెంబరులో మళ్ళీ సత్యాగ్రహం అన్నారు. వేలమంది వచ్చారు. ఈలోగా అక్కడి సవర్ణులు కోర్టుకెళ్ళి చెరువు దగ్గరికి పోకూడదని ఇంజంక్షన్ తెచ్చారు. వచ్చిన జనం జైలుకైనా సిద్ధమని పేర్లు రాయించుకున్నారు. ఆ రోజు ఆయన "పదండి" అంటే చాలు, అందరూ లేచేవాళ్ళు. ఆయన బారిష్టరు. కోర్టు ఆర్డరు దాటితే ఏమవుతుందో తెలుసు. ఎదురుగా వున్నది సవర్ణులు మాత్రమే కాదు, సర్కారు కూడా మన మీదికి వస్తుందని తెలుసు. ఆ సంగతి దాచిపెట్టకుండా జనం ముందు పెట్టాడు. చెరువు దగ్గరికి పోవడం అప్పటికి ఆపుదాం, కోర్టులో తేల్చుకుందాం అన్నాడు. జనం వినాలనుకున్న మాట అది కాదు. అయినా చెప్పాడు, చెప్పి వదిలెయ్యలా. ఆ కేసు పదేళ్ళు నడిచింది. 1937 మార్చిలో బొంబాయి హైకోర్టులో మనవాళ్ళే గెలిచారు. నిజం చెప్పడం, చెప్పాక ఆఖరిదాకా వెంట వుండటం, ఈ రెండూ కలిస్తేనే సలహా.

ఇప్పుడు పనిలోకి వద్దాం. ఒక అక్క వచ్చిందనుకోండి. పక్క మండలం. మొన్న చేలో గొడవయి మొగుణ్ణి కొట్టారు. ఏం చేస్తారు?

ముందు కూర్చోబెట్టండి, మంచినీళ్ళివ్వండి, వినండి. మధ్యలో చట్టం చెప్పమాకండి. ఆమె చెప్పడం అయ్యాక అడగండి. ఏ రోజు, ఏ పూట, ఎక్కడ జరిగింది? ఎవరెవరు వున్నారు, చూసినోళ్ళు ఎవరు? వాడు అన్న మాట ఏంటి, అన్నది అన్నట్టు చెప్పు. దెబ్బ ఎక్కడ తగిలింది, ఆస్పత్రికి పోయారా? స్టేషనుకి పోయారా, అక్కడ ఏ కాగితం మీదన్నా సంతకం పెట్టించుకున్నారా, వేలిముద్ర వేయించుకున్నారా? ఇవన్నీ అయ్యాక ఇంకో రెండు ప్రశ్నలు వున్నాయి. మనవాళ్ళు వాటిని అడగరు. మీరు ఎవరి పొలం చేస్తారు, ఎవరికి బాకీ వున్నారు? నీకు ఏం కావాలి? వాడికి శిక్ష పడాలా, కౌలు పొలం నిలబడాలా, మళ్ళీ మీద పడకుండా వుంటే చాలా? ఆ అక్కకి ఏం కావాలో ఆమెకే తెలుసు. మనం అడక్కుండా మనకి కావాల్సింది ఆమె నోట్లో పెట్టకూడదు.

రెండోది, జరిగిన దానికి ఒక్క ముక్క కలపొద్దు. ఇది గట్టిగా చెబుతున్నా. "కులం పేరు పెట్టి తిట్టాడని కూడా రాయి, కేసు బలంగా వుంటుంది" అనే అలవాటు మానుకోవాలి. కులం పేరుతో తిట్టిన నేరానికి చట్టంలోనే ఒక షరతు వుంది. నలుగురి కంటా పడేచోట జరిగివుండాలి. నాలుగు గోడల మధ్య, బయటోళ్ళెవరూ లేనప్పుడు అన్న మాటకి ఆ సెక్షను వర్తించదని 2020లో సుప్రీంకోర్టు చెప్పింది. లేనిది కలిపితే ఏమవుతుందంటే, రెండేళ్ళకో మూడేళ్ళకో బోనులో నిలబెట్టి లాయరు అడుగుతాడు. "ఎవరున్నారమ్మా అప్పుడు?" అంటాడు. కలిపిన ఒక్క అబద్ధం పట్టుకుని, నిజంగా తగిలిన దెబ్బ కూడా అబద్ధం అనిపిస్తాడు. ఆపైన "చూశారా, వీళ్ళవన్నీ దొంగ కేసులే" అని మొత్తం వాడ మీద వేస్తారు. అట్లాగని నిజంగా అన్నమాటని సిగ్గుపడి దాచుకోనివ్వొద్దు. వాడు అన్న బూతు అన్నట్టే కాగితం మీదికి రావాలి.

మూడోది, ఈ రోజు చెయ్యాల్సిన పని ఈ రోజే చెప్పాలి. దెబ్బలుంటే ముందు సర్కారు ఆస్పత్రి. అక్కడ కొట్టారని చెప్పి రాయించుకోవాలి. చాలామంది భయపడి జారిపడ్డామని చెబుతారు. ఆ చీటీయే తర్వాత కేసుని మింగుతుంది. రక్తం అంటిన బట్టలు ఉతకొద్దు, కాగితం సంచిలో పెట్టి దాచమనండి. ఆడమనిషి మీద అఘాయిత్యం జరిగితే ఆలస్యం చెయ్యకుండా ఆస్పత్రికి పోవాలి. వెంట మన ఆడకార్యకర్త పోవాలి, మగవాళ్ళు పది మంది చుట్టూ చేరొద్దు. ఆమె చెప్పేది ఆడ పోలీసే రాసుకోవాలని చట్టం. ఆమె పేరు మన కరపత్రంలో కూడా రాకూడదు.

తర్వాత స్టేషను. నేరం జరిగినట్టు కనబడే కంప్లయింటు వస్తే ఎఫ్.ఐ.ఆర్. కట్టితీరాలని 2013లోనే సుప్రీంకోర్టు చెప్పింది. ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల చట్టం కింద అయితే ఎఫ్.ఐ.ఆర్.కి ముందు విచారణ చెయ్యాల్సిన అవసరం లేదని 2018లో సవరణ చేశారు, 2020లో సుప్రీంకోర్టు దాన్ని నిలబెట్టింది. "ఇది మా పరిధి కాదు" అంటే కుదరదు. 2024 జులై 1 నుంచి వచ్చిన కొత్త చట్టంలో, ఎక్కడ జరిగినా ఏ స్టేషన్లో అయినా తీసుకోవాలని రాసే వుంది. దాన్ని జీరో ఎఫ్.ఐ.ఆర్. అంటారు. నోటితో చెప్పింది రైటరు రాసుకుంటే, రాసింది చదివి వినిపించాకే సంతకం. ఎఫ్.ఐ.ఆర్. కాపీ పైసా ఖర్చు లేకుండా ఇవ్వాలి. ఈ పనులు కావాలని ఎగ్గొట్టిన అధికారి మీద కూడా 4వ సెక్షను వుంది, ఆరు నెలల నుంచి ఏడాది దాకా శిక్ష. ఎస్.ఐ. తీసుకోనంటే పోట్లాట పెట్టుకోవద్దు, కంప్లయింటు ఎస్.పి.కి స్పీడు పోస్టులో పంపి రసీదు జాగ్రత్త చెయ్యమనండి. అక్కడా కదలకపోతే మేజిస్ట్రేటు దగ్గరికి పోవచ్చు.

దర్యాప్తు డి.ఎస్.పి. హోదాకి తగ్గని అధికారే చెయ్యాలి. అరవై రోజుల్లో చార్జిషీటు వెయ్యాలి. బెయిలు మీద వాదన జరిగేటప్పుడు బాధితులకి ముందుగా తెలపాలి, వాళ్ళు చెప్పేది కోర్టు వినాలి. సాక్షులకి దారి ఖర్చులు ఇవ్వాలి. సంఘాల వాళ్ళ సాయం తీసుకునే హక్కు కూడా 15ఎ సెక్షన్లో వుంది. కాబట్టి "నువ్వెవడివి మధ్యలో" అని స్టేషన్లో అడిగితే ఆ సెక్షను పేరు చెప్పండి. మర్యాదగానే చెప్పండి. మీరు అక్కడ వీరత్వం చూపిస్తే దాని ఫలితం ఆ కుటుంబం మీద పడుతుంది.

నష్టపరిహారం సంగతి కూడా వున్నదున్నట్టు చెప్పాలి. 2016 రూల్స్ ప్రకారం నేరాన్ని బట్టి 85 వేల నుంచి 8 లక్షల 25 వేల దాకా వుంది. అది ఒక్కసారే చేతికి రాదు. చాలా నేరాలకి ఎఫ్.ఐ.ఆర్. అప్పుడు పావు వంతు, చార్జిషీటు వేశాక సగం, శిక్ష పడ్డాక మిగతా పావు. "లక్షలొస్తాయి" అని ఆశపెట్టి, ఆ ఆశ మీద ఆ మనిషి వడ్డీకి అప్పు తెస్తే, ఆ అప్పులో మన పాపం వుంటుంది. ఆ డబ్బు బాధితులది. అందులో ఎవరికీ వాటా లేదు. సంఘానికి చందా అని కూడా అడగొద్దు.

నాలుగోది కష్టమైనది. జరగబోయేది చెప్పాలి. కేసు పెట్టిన రెండో రోజే ఎదుటోళ్ళు కౌంటరు కేసు పెడతారు. దొంగతనం అంటారు, మా ఆడవాళ్ళ జోలికొచ్చాడు అంటారు. కూలికి పిలవరు. కౌలు మానిపిస్తారు. కొట్లో సరుకు ఇవ్వరు. ఇట్లా వెలివెయ్యడం కూడా అదే చట్టంలో నేరమే, 2016 జనవరి నుంచి అమల్లో వుంది. కానీ నేరమని రాసి వున్నంత మాత్రాన రేపు పొయ్యి మీదికి గింజలు రావు. అందుకని అడగాలి. నెల రోజులు పనికి పిలవకపోతే మీకు జరుగుతుందా? చుట్టాలు ఎవరున్నారు? వాడలో ఎన్ని ఇళ్ళు మీ వెంట నిలబడతాయి? వాళ్ళతో మాట్లాడారా? అప్పుడు మనం చెయ్యగలిగింది చెప్పాలి. పది రోజుల బియ్యం ఇవ్వగలిగితే పది రోజులని చెప్పండి. ఉపాధి పనికి అర్జీ పెట్టించగలిగితే అది చెప్పండి. చెయ్యలేనిది చేస్తామనొద్దు.

కోర్టు ఎన్నాళ్ళు పడుతుందో కూడా చెప్పాలి. చార్జిషీటు వేశాక రెండు నెలల్లో విచారణ అయిపోవాలని చట్టంలో వుంది. జరిగేది వేరు. కారంచేడు 1985 జులై 17న జరిగింది. సుప్రీంకోర్టు ఆఖరి తీర్పు వచ్చింది 2008లో. చుండూరు 1991 ఆగస్టు 6న జరిగింది. మనవాళ్ళు పట్టుబట్టి ఆ వూళ్ళోనే ప్రత్యేక కోర్టు పెట్టించుకున్నారు. 2007లో 21 మందికి యావజ్జీవ శిక్ష పడింది. 2014లో హైకోర్టు అందర్నీ నిర్దోషులని వదిలేసింది. ఎనిమిది మందిని చంపిన కేసు అది, దేశమంతా చూసిన కేసు. అంత ఉద్యమం వెనకున్న కేసు అట్లా అయితే, పేపర్లో కూడా రాని ఒక కూలోడి కేసు సంగతి ఆలోచించండి. దేశం మొత్తం మీద దళితుల మీద నేరాల కేసులు 2022 ఒక్క ఏడాదిలోనే 57,582 నమోదయ్యాయి. కోర్టులో తేలిన వాటిల్లో శిక్ష పడేది మూడో వంతుకి అటూ ఇటూ.

"ఇవన్నీ చెబితే ఎవరన్నా కేసు పెడతారా అన్నా? మనమే భయపెట్టినట్టు కాదా?" అని మీరు అడుగుతారు. మంచి ప్రశ్న. నేను చూసినంతలో, తెలియక దిగినోళ్ళే మధ్యలో జారిపోతారు. ఆరు నెలల్లో అయిపోతుందని నమ్మినోడు ఏడో నెలలో పెద్దమనుషుల దగ్గర రాజీకి కూర్చుంటాడు. ఏళ్ళు పడుతుందని తెలిసి దిగినోడు ఏళ్ళు నిలబడతాడు. పెద్దమనుషుల కాగితం మీద సంతకం పెట్టినంత మాత్రాన అట్రాసిటీ కేసు పోదు, కానీ సాక్షి కోర్టులో మాట మారిస్తే పోతుంది. కారంచేడు మనుషులు చీరాల శిబిరంలో ఎన్ని కష్టాలు పడ్డారో మీకు తెలుసు. వాళ్ళని నిలబెట్టింది మనం పెట్టిన ఆశ కాదు. జరిగిందేమిటో, ఎదుటోడెవడో వాళ్ళకి తెలుసు. ఓడిపోయిన కేసు కూడా వూళ్ళో చెయ్యెత్తేవాడి చేతిని కొంతకాలం ఆపుతుంది. ఇది కూడా నిజమే, ఇది కూడా చెప్పండి. భయాన్ని పెంచొద్దు, ధైర్యాన్ని అరువివ్వొద్దు.

అయిదోది, తెలియకపోతే తెలియదనండి. మనవాళ్ళకి ఈ మాట నోట రాదు. "సంఘం నాయకుడై వుండి తెలియదా?" అంటారని సిగ్గు. తెలియని దాని మీద ధీమాగా చెప్పిన మాట విషం. తెలియదని చెప్పి, తెలిసినోళ్ళ దగ్గరికి పంపడం కూడా సలహాయే. 1987 చట్టం ప్రకారం ఎస్సీ, ఎస్టీలకి ఆదాయంతో పని లేకుండా సర్కారు ఖర్చుతో లాయరుని ఇవ్వాలి. జిల్లా కోర్టు దగ్గర న్యాయసేవాధికార సంస్థ వుంటుంది, ఫోను నంబరు 15100. అత్యాచారాల మీద ఫిర్యాదుకి 14566. ఈ రెండు నంబర్లూ వాడలో రచ్చబండ పక్కన గోడ మీద రాయించండి.

ఒక సంగతి మాత్రం తప్పకుండా చెప్పాలి, ఎందుకంటే మన వాడల్లో సగం ఇళ్ళు చర్చికి పోతాయి. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం హిందువులు, 1956 నుంచి సిక్కులు, 1990 నుంచి బౌద్ధులు మాత్రమే ఎస్సీలు. క్రైస్తవం తీసుకుంటే మన రాష్ట్రాల్లో బీసీ-సి కిందికి పోతారు. 2025లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ఒక పాస్టరు పెట్టిన కేసులో, క్రైస్తవంలోకి మారినోళ్ళకి ఈ చట్టం వర్తించదని తీర్పు చెప్పింది. ఆ తీర్పు మీద మనకి ఎంత కోపమైనా వుండొచ్చు. కులం చర్చిదాకా వెంటొస్తుందని మనకి తెలుసు, దాని మీద పోరాటం వేరే చెయ్యాలి. కానీ ఇంటికొచ్చిన క్రైస్తవ కుటుంబానికి ఈ సంగతి దాచి కేసు పెట్టించడం మోసం. కులం సర్టిఫికెట్టు ముందే లాయరుకి చూపించమనండి. కొట్టిన దానికి, ఇల్లు తగలెట్టిన దానికి మామూలు చట్టం అందరికీ వుంది, ఆ కేసు పెట్టుకోవచ్చని కూడా చెప్పండి.

ఆఖరిది. ఇవన్నీ చెప్పాక నోరు మూసుకోవాలి. నిర్ణయం వాళ్ళది. "ఇంటికి పోయి మీ ఆయనతో, మీ అత్తతో మాట్లాడుకో అక్కా. కేసు పెడతానంటే రేపు పొద్దున వస్తా. పెట్టనంటే కూడా నీ మీద నాకు కోపం లేదు. కానీ ఆస్పత్రి చీటీ, బట్టలు మాత్రం జాగ్రత్త చెయ్యి, రోజులు గడిచేకొద్దీ కేసు పలచబడుతుంది" అని చెప్పండి. పెట్టనన్న మనిషిని పిరికిదని మీటింగులో తిట్టొద్దు. ఆమె బతుకు లెక్క ఆమెకి తెలుసు. ఆమె చెప్పుకున్న సంగతి టీ కొట్లో కథగా చెప్పొద్దు. రేపు వస్తానని మాటిస్తే రేపు పోవాలి. వాయిదాకి వస్తానంటే వాయిదాకి పోవాలి. పోలేకపోతే ముందురోజే కబురు పెట్టాలి.

వచ్చిన మనిషి మాలా, మాదిగా, రెల్లా, యానాదా అని చూసి సలహా పలచన చెయ్యొద్దు. మన సంఘంలో చేరితేనే చెబుతాం అనొద్దు. తరతరాలుగా మనవాళ్ళకి సలహా చెప్పింది కరణం, మునసబు, దొర. వాళ్ళు చెప్పిన ప్రతి సలహాలోనూ వాళ్ళ లాభం వుండేది. భూమి పోయింది ఆ సలహాలతోనే, వెట్టి అంటుకుంది ఆ సలహాలతోనే. ఇప్పుడు మన మనిషి మన దగ్గరికి వచ్చి అడుగుతున్నాడు. తన లాభం చూసుకోకుండా నిజం చెప్పే మనిషి ఈ వాడలో ఒకడున్నాడని ఆ మనిషి నమ్మాలి. రేపు ఇంకో వూరి మనిషికి దారి చెప్పి పంపాలి. ఈ తరగతుల నుంచి వాడలకి తిరిగిపోయే మీలో ప్రతి ఒక్కరూ అట్లాంటి మనిషి కావాలని కోరుతూ ముగిస్తున్నా.

జై భీమ్.